పదిహేనేళ్ల పిల్లలకు ఊరి పని అప్పగిద్దాం

(శ్రీకాకుళంలో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఉన్నత పాఠశాల, ఇంటర్మీడియట్ విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమక్షంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు, వెనుక వరుసల్లో కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. ముందు వరుసలు పెద్దలకు వదిలి పిల్లలు వెనక్కి వెళ్లి కూర్చోవడం మన మర్యాద, దానిని నేను తప్పుపట్టను. అయితే ఈ రోజు చెప్పవలసిన మాటలు ఆ పిల్లల గురించినవే గనుక, అవి ముందు వరుసల దగ్గరే ఆగిపోకుండా వారి దాకా చేరాలని కోరుకుంటున్నాను.

యువత నాయకత్వం గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. ఆ మాట వినగానే మనలో చాలామందికి ఎన్నికలు, కండువాలు, నాలుగు రోడ్ల కూడలిలో కట్టిన ఫ్లెక్సీలు కళ్లముందు మెదులుతాయి. నేను వాటి జోలికి వెళ్లను. ఊరందరికీ సంబంధించిన పనిని తనదిగా తీసుకుని, మరో నలుగురిని కలుపుకుని, చివరిదాకా నడిపించి, ఆ తరువాత ఊరికి లెక్క అప్పగించగల మనిషిని నేను నాయకుడంటాను. ఆ విద్య నేర్చుకోవడానికి పదమూడు నుంచి పందొమ్మిదేళ్ల వయస్సును మించిన కాలం లేదు. ఆ కాలాన్ని మన జిల్లాలో మనం చేజేతులా జారవిడుస్తున్నామన్నది నా బాధ.

ఊళ్లో ఏ కార్యక్రమం జరిగినా పిల్లలను పిలుస్తాం. కుర్చీలు వేయిస్తాం, మంచినీళ్లు అందించమంటాం, మైకు తెప్పిస్తాం, అతిథి రాగానే చప్పట్లు కొట్టమంటాం. కానీ ఆ కార్యక్రమం ఎందుకు, ఎలా, ఎంత ఖర్చుతో చేయాలన్న ఆలోచన జరిగేచోట వారికి చోటివ్వం. ఒక కుర్రవాడు ధైర్యం చేసి నోరు తెరిస్తే “గుంటలకేటి తెలుసు, మీరూరుకోండి” అంటాం. పదిహేనేళ్ల వయస్సులో అలా ఊరుకోవడం అలవాటైన మనిషి ముప్ఫై ఏళ్ల వయస్సులో గ్రామసభకు వచ్చి పంచాయతీ పద్దు చూపమని అడుగుతాడని ఆశించడం న్యాయం కాదు.

గుంటలకు, అంటే మన పిల్లలకు, ఏమి తెలుసో ఒక్కసారి నిదానంగా చూద్దాం. మన జిల్లా వలసల జిల్లా. ఎచ్చెర్ల, రణస్థలం తీరంలోని మత్స్యకార గ్రామాల నుంచి మగవారు గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వెళ్లి నెలల తరబడి అక్కడి బోట్లలో పనిచేస్తారు. మెట్ట ప్రాంతాల వారు హైదరాబాదుకో, చెన్నైకో భవన నిర్మాణ పనులకు వెళతారు. 2018 నవంబరులో మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ నిర్బంధంలో చిక్కుకుని 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి తిరిగి వచ్చేదాకా, ఆ ఇళ్లను నెట్టుకువచ్చింది ఆడవాళ్లు, వారి వెంట ఉన్న ఎదిగిన పిల్లలే. తండ్రి ఊళ్లో లేని ఇంట్లో బ్యాంకు పుస్తకం చదివేది ఎవరు? బియ్యం కార్డుకు ఈకేవైసీ చేయించేది ఎవరు? ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుతో ఉన్న నాయనమ్మను డయాలసిస్‌కు తీసుకువెళ్లి, నాలుగు గంటలు బయట బెంచీ మీద కూర్చుని, మందుల చీటీ అర్థం చేసుకుని, మళ్లీ ఎప్పుడు రావాలో గుర్తుపెట్టుకునేది ఎవరు? చాలా ఇళ్లలో తొమ్మిదో తరగతి, పదో తరగతి చదివే పిల్లలు. ఆఫీసులో ఎవరిని ఏ మాటతో పలకరించాలో, ఏ కాగితానికి ఏ కాగితం జతచేయాలో వారికి తెలుసు. ఇంట్లో ఇంత పని నెత్తిన వేసుకున్న బిడ్డ వీధిలోకి రాగానే ఏమీ తెలియని బిడ్డ ఎలా అవుతుంది?

అందుచేత పిల్లలకు నాయకత్వం కొత్తగా నేర్పాలన్న మాటను నేను ఒప్పుకోను. ఇంటికోసం వారు ఇప్పటికే చేస్తున్న దానిని వీధికోసం, ఊరికోసం చేయడానికి దారి చూపించి, అడ్డు తొలగితే చాలు.

ఈ నేల మీద పుట్టిన ఒక పెద్దాయన కథ ఇక్కడ చెప్పాలి. ఆయన పేరు మీకు తెలుసు, ఏటా ఆగస్టు 29న బడిలో ఆయన చిత్రపటానికి పూలమాల వేస్తారు. గిడుగు రామమూర్తి గారు 1863లో శ్రీముఖలింగం దగ్గర, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. విజయనగరంలో మహారాజావారి పాఠశాలలో చదువుకున్నప్పుడు గురజాడ అప్పారావు గారు ఆయన సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరేనాటికి గిడుగు వారికి పదిహేడేళ్లు. ఇంటర్ రెండో సంవత్సరం చదివే పిల్లలారా, మీ వయస్సే.

వాడుక భాషలోనే రాయాలని ఆయన నడిపిన వ్యావహారిక భాషోద్యమం గురించి మన పాఠ్యపుస్తకాలు బాగానే చెబుతాయి. నాకు ఎక్కువ గౌరవం కలిగించేది ఆయన చేసిన ఇంకో పని. పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలనే గిరిజనులు ఉండేవారు. వారు అంగడికి వచ్చేవారు, కచేరీకి వచ్చేవారు, వారి మాట అధికారికి తెలియదు, అధికారి మాట వారికి తెలియదు, నడుమ ఉన్నవాడు ఇద్దరినీ మోసం చేసేవాడు. ఆ సంగతి చూసినవారు ఎందరో ఉండి ఉంటారు. గిడుగు వారు సవర భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు సవరలోనే పుస్తకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. మద్రాసు ప్రభుత్వం ఆ కృషికి డబ్బు బహుమతి ఇవ్వజూపితే తీసుకోకుండా, దానితో సవరలకు బడి పెట్టమన్నారు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో అచ్చయింది. కుర్రతనంలో మొదలైన పని దశాబ్దాలపాటు నడిచిందన్నమాట.

ఇందులో మీరు గమనించవలసింది ఆ పని వరుస. ఆయన ముందుగా వేదిక ఎక్కి సవరల కష్టాల గురించి ప్రసంగించలేదు, వారికి ఏమి కావాలో తానే నిర్ణయించి చెప్పలేదు. వారి మాట నేర్చుకున్నారు, విన్నారు, ఆ తరువాత పనిలోకి దిగారు. సీతంపేట, భద్రగిరి కొండల నుంచి వచ్చి మన హాస్టళ్లలో చదువుకుంటున్న సవర, జాతాపు పిల్లలు ఈ రోజుకీ మన తరగతుల్లో ఉన్నారు. వారితో ఒకే బెంచీ మీద కూర్చుని, వారి ఊళ్లో బస్సు ఎక్కడ ఆగిపోతుందో, వానాకాలంలో గెడ్డ పొంగితే గర్భిణిని ఎలా దించుకొస్తారో మనలో ఎంతమంది అడిగి తెలుసుకున్నాం? వినడం నేర్చుకోని పిల్లవాడికి మైకు ఇచ్చి వక్తృత్వ పోటీలో బహుమతి ఇస్తే వచ్చేది గట్టి గొంతు మాత్రమే.

పని ఎలా మొదలుపెట్టాలన్న ప్రశ్నకు ఒక్క పనిని తీసుకుని వివరంగా చెబుతాను. మీ ఊరి తాగునీరు. ఎత్తైన ట్యాంకులో నీళ్లు నింపి, క్లోరిన్ కలిపి, కుళాయిలకు వదులుతారు. కుళాయి దగ్గరకు వచ్చేసరికి లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. అది మిగిలి ఉంటే దారిలో ఏదైనా మురికి చేరినా క్రిములను చంపే శక్తి నీటికి ఇంకా ఉందని అర్థం. ట్యాంకు పక్కనే ఉన్న కుళాయిలో క్లోరిన్ కనిపించి, ఊరి చివరి వీధి కుళాయిలో కనిపించకపోతే, కలిపింది చాలలేదనో, పైపులో పేరుకున్న మురికి దానిని తినేస్తున్నదనో, మురుగుకాలువ పక్కన పైపు పగిలి ఉందనో అనుమానించాలి. తెరిచి ఉంచిన బస్తాలో బ్లీచింగ్ పౌడరు బలం తగ్గిపోతుంది కాబట్టి, కొలత ప్రకారం కలిపినా ఫలితం రాకపోవచ్చు. చివరి వీధిలో ఎవరు ఉంటారో మీకు తెలుసు. అక్కడే ముందుగా విరేచనాలు మొదలవుతాయి.

క్లోరిన్ చూసే చిన్న పెట్టె పంచాయతీల దగ్గర ఉంటుంది. గాజు గొట్టంలో నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది, ఆ రంగును పక్కనున్న రంగులతో పోల్చి చూస్తారు. పరీక్షించిన నీటిని తాగకూడదు, ఆ మందు చేతులకు అంటుకోకూడదు. అందుకని ఈ పని ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం గారి సమక్షంలోనో, గ్రామ సచివాలయంలోని ఇంజినీరింగ్ అసిస్టెంట్ సమక్షంలోనో చేయాలి. అయిదుగురు విద్యార్థులు ఒక జట్టుగా ఏర్పడి, వారానికి ఒక ఉదయం, మొదటి కుళాయి దగ్గర, నడిమి వీధిలో, చివరి వీధిలో చూసి, తేదీ, సమయం, వీధి, అంకె ఒక నోటుపుస్తకంలో రాయాలి. రెండు నెలలు అలా రాశాక ఆ పుస్తకం పట్టుకుని సచివాలయానికి వెళ్లండి. “మా వీధిలో నీళ్లు బాగుండడం లేదు” అని చెప్పినవారికి “చూస్తాం” అన్న జవాబు వస్తుంది. ఎనిమిది వారాల అంకెలు చూపించినవారికి అలా జవాబు చెప్పడం అంత తేలిక కాదు.

అర్జీ రాయడం కూడా ఒక విద్య. ఎవరికి రాస్తున్నారో, ఏ వీధిలో ఏమి జరుగుతోందో, ఎప్పటి నుంచి జరుగుతోందో, మీరు కోరుతున్నది ఏమిటో ఒక్క పేజీలో ఉండాలి. తిట్లు ఉండకూడదు, దణ్ణాలూ ఉండకూడదు. ఒక నకలు మీ దగ్గర ఉంచుకోవాలి, ఇచ్చినట్లు రసీదు తీసుకోవాలి. అక్కడ పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంది. పంచాయతీ ఏ నెలలో ఎంత బ్లీచింగ్ కొన్నదో తెలుసుకోవాలంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. ఆ చట్టం పౌరులందరికీ హక్కు ఇచ్చింది, వయస్సు అడ్డు పెట్టలేదు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి దరఖాస్తుకు రుసుము కూడా లేదు, ముప్ఫై రోజుల్లో సమాధానం ఇవ్వాలి. పౌరశాస్త్రం పాఠం పరీక్షకోసం బట్టీపట్టిన పిల్లలు ఈ ఒక్క దరఖాస్తు రాస్తే ఆ పాఠం జన్మలో మరచిపోరు.

ఒక హెచ్చరిక చేయాలి, ముఖ్యంగా ఉద్దానం నుంచి వచ్చిన విద్యార్థులకు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో మూత్రపిండాల జబ్బు ఎందుకు ఇంతగా వస్తున్నదో శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పరిశోధిస్తున్నా, ఇదీ కారణమని ఇంకా తేలలేదు. మీ నోటుపుస్తకంలోని క్లోరిన్ అంకె చూపించి “అందుకే జబ్బులు వస్తున్నాయి” అని ఎవరికీ చెప్పకండి. తెలిసినంత వరకే చెప్పి, తెలియనిది తెలియదని ఒప్పుకునే మనిషి మాటను ఊరు నమ్ముతుంది. నాయకుడు కాదలచినవారికి ఆ నమ్మకమే పెట్టుబడి.

ఇక రెండో పని, మన తీరానికి మరీ అవసరమైనది. మూడు తేదీలు చెబుతాను. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న తీరం దాటింది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న. తిత్లీ 2018 అక్టోబరు 11న. తిత్లీ ఒక్క రాత్రిలో ఉద్దానం కొబ్బరిని, జీడిమామిడిని నేలమట్టం చేసింది, తాతలు నాటిన చెట్లు మనుమల కళ్లముందే పడిపోయాయి. దసరా రోజులంటే మనకు తుఫాను రోజులు కూడా. అటువంటప్పుడు కరెంటు పోతుంది, ఫోన్లు మూగబోతాయి, రోడ్డుకు అడ్డంగా చెట్లు పడతాయి, బయటివారు ఊరిలోకి రావడానికి సమయం పడుతుంది. ఆ మధ్యకాలంలో ఊరిని కాపాడేది ఊరివారే.

అందువల్ల సెప్టెంబరు నెలాఖరుకల్లా మీ ఊరి పిల్లల జట్టు దగ్గర ఒక జాబితా ఉండాలి. ఒంటరిగా ఉండే ముసలివారు ఏయే ఇళ్లలో ఉన్నారు, నెలలు నిండిన గర్భిణులు ఎవరు, డయాలసిస్ చేయించుకుంటున్నవారు ఎవరు, వారికి తరువాతి విడత ఏ రోజు, మంచం దిగలేనివారు ఎవరు, మట్టిగోడల ఇళ్లు ఎన్ని, వేటకు వెళ్లిన పడవలు ఏవి, తుఫాను షెల్టరు తాళం ఎవరి దగ్గర ఉంది. ఆ తాళం సంగతి చిన్నదనుకోకండి. గాలి మొదలయ్యాక తాళం కోసం తిరిగితే ఆ షెల్టరు ఉన్నా లేనట్టే. ఈ జాబితాను కాగితం మీద రాసి, సర్పంచిగారికి ఒకటి, సచివాలయానికి ఒకటి, ఆశా కార్యకర్తకు ఒకటి ఇవ్వాలి. జబ్బుల వివరాలు పదిమందిలో చదవకూడదు, ఫోన్లలో పంచకూడదు. గాలి వీస్తుండగా మీరు బయటకు వెళ్లకూడదు, పొంగుతున్న నాగావళిలోకో, వంశధారలోకో దిగకూడదు, తెగిపడిన కరెంటు తీగ దగ్గరకు పోకూడదు. పిల్లల పని తుఫానుకు ముందు, తుఫాను తరువాత. నడుమ ఉన్న పని పెద్దలది, అధికారులది. ఈ హద్దు దాటమని మిమ్మల్ని ప్రోత్సహించే పెద్దమనిషి ఎవరైనా సరే, ఆయన మాట వినకండి.

ఆడపిల్లల గురించి వేరుగా మాట్లాడకుండా ముందుకు వెళ్లలేను. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. అయినా ఎన్ని ఊళ్లలో సర్పంచి కుర్చీలో భార్య, మాట్లాడే చోట భర్త కనిపించడం లేదు? ఆమెకు తెలివి లేక కాదు, పదేళ్ల వయస్సు నుంచి పదిమంది ముందు మాట్లాడే అవకాశం ఇవ్వకుండా పెంచి, ముప్ఫైఅయిదేళ్లకు ఒక్కసారిగా సభ నడపమన్నాం గనుక. రాజ్యాంగం ప్రకారం ఇరవై ఒక్క ఏళ్లు నిండితే పంచాయతీకి పోటీ చేయవచ్చు. పదిహేనేళ్ల అమ్మాయికి ఆరేళ్ల వ్యవధి ఉంది. ఆ ఆరేళ్లలో ఆమె నీటి పుస్తకం రాసి, జాబితా తయారుచేసి, సచివాలయంలో అర్జీ ఇచ్చి, గ్రామసభలో లేచి నిలబడి ఉంటే, ఆమె బదులు ఇంకొకరు మాట్లాడతామంటే ఒప్పుకోదు. తల్లిదండ్రులారా, జట్టు పని చీకటి పడకముందే ముగిసేలా, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లేలా చూడండి, కానీ ఆడపిల్ల అన్న కారణంతో పుస్తకాలకు అట్టలు వేసే పని మాత్రం ఇచ్చి సరిపెట్టకండి. తరగతిలో ఒక స్నేహితురాలికి పెళ్లి చూపులు మొదలయ్యాయని తెలిస్తే ఏమి చేయాలో కూడా ఈ జట్టుకు తెలిసి ఉండాలి. పద్దెనిమిదేళ్లు నిండని అమ్మాయికి పెళ్లి చేయడం నేరం, పిల్లల సహాయవాణి 1098కి ఎవరైనా ఫోను చేయవచ్చు.

తల్లిదండ్రులు ఇప్పటికే మనసులో అనుకుంటున్న ప్రశ్న నాకు తెలుసు. పదో తరగతి మార్కులు ఏమవుతాయి, ఇంటర్‌లో ర్యాంకు ఏమవుతుంది? నేను బడిలో ఎంతోకాలం పనిచేసినవాడిని, మార్కుల విలువ తక్కువ చేసి మాట్లాడను. వలస తప్పించుకునే దారి చదువే అని మన ఇళ్లలో ఎంత నమ్మకంగా ఉన్నారో నాకు తెలుసు. నేను అడుగుతున్నది వారానికి రెండు గంటలు. పరీక్షల నెలల్లో అదీ వద్దు. పైగా అంకెలు రాసి పోల్చడం, ఒక పేజీలో విషయం చెప్పడం, తెలియనివారితో మర్యాదగా మాట్లాడడం చదువుకు బయటి పనులు ఏమీ కావు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. తరగతి లీడరు అంటే అల్లరి చేసినవారి పేర్లు బోర్డు మీద రాసేవాడన్న పద్ధతి మానుకుందాం. అది చిన్న వయస్సులోనే ఒకరి మీద ఒకరికి పెత్తనం నేర్పుతుంది. ఆ స్థానంలో బడి మరుగుదొడ్ల శుభ్రత, మధ్యాహ్న భోజనం రుచి, నాణ్యత, గ్రంథాలయ పుస్తకాల పంపిణీ వంటివి పిల్లల చేతికి నిజంగా అప్పగించి, వారి నివేదికను ప్రధానోపాధ్యాయుడు అందరి ముందు చదివి, ఏమి చేశారో వారం లోపల చెప్పే ఏర్పాటు ఉండాలి. అడిగి, రాయించుకుని, అటక మీద పడేస్తే, అడగకపోవడం కంటే ఎక్కువ నష్టం జరుగుతుంది.

పంచాయతీ పెద్దలకు కూడా ఒక మాట. పిల్లలకు ఓటు లేదు, నిజమే. అయితే పిల్లలకు సంబంధించిన విషయాల్లో వారి అభిప్రాయం వినాలని చెప్పే ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికకు మన దేశం 1992లోనే అంగీకారం తెలిపింది. గ్రామసభకు ముందు బాలసభ జరపాలని కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ప్రోత్సహిస్తోంది. బాలసభను ఫొటోకోసం జరపకండి. అందులో వచ్చిన కోరికలలో ఒక్కటైనా ఈ ఏడాది ప్రణాళికలో చేర్చి, దానికి ఎంత ఖర్చయిందో వచ్చే ఏడు ఆ పిల్లలకే చెప్పండి. పదిహేడేళ్లు నిండినవారు ఓటరు నమోదుకు ముందుగానే దరఖాస్తు చేసుకోవచ్చన్న సంగతి కూడా అక్కడే చెప్పవచ్చు.

ఊరంతా కలిసి ఒక పనిని తరాలపాటు నిలబెట్టగలదా అని అనుమానం ఉన్నవారు తేలినీలాపురం వెళ్లి చూడండి, ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచి వెళ్లి చూడండి. దూరం నుంచి వచ్చి ఊరి చెట్ల మీద గూళ్లు కట్టే కొంగలను, గూడబాతులను ఆ ఊళ్లవారు చుట్టాల్లా చూసుకుంటారు. వన్యప్రాణుల రక్షణ చట్టం రాకముందు నుంచీ చూసుకుంటున్నారు. పెద్దలు చేసే పనిలో పిల్లలు పక్కనే ఉండడం వల్లనే ఆ అలవాటు ఒక తరం నుంచి ఇంకో తరానికి అందింది.

విద్యార్థులారా, జట్టు కట్టేటప్పుడు కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. ఒకే కులంవారు, ఒకే వీధివారు కలిసి కట్టింది ఊరి జట్టు కాదు. ప్రతి వీధి నుంచి ఒకరైనా ఉండాలి, అమ్మాయిలు సగం ఉండాలి, బడి మానేసిన పిల్లలు ఉంటే వారినీ పిలవాలి. మూడు నెలలకొకరు జట్టును నడపాలి, అప్పుడు మాటకారి ఒక్కడే ఎప్పటికీ పెద్దగా ఉండిపోడు, మాట తక్కువ పిల్లలకు కూడా వంతు వస్తుంది. కూర్చున్న ప్రతిసారీ ఎవరు వచ్చారో, ఏమి అనుకున్నారో, ఎవరు ఏ పని తీసుకున్నారో ఒకరు రాయాలి. ఎవరి దగ్గరా డబ్బు వసూలు చేయకండి, ఏ పార్టీ జెండా కింద కూర్చోకండి. జట్టులో ఒకరికి పని చేయడం కుదరకపోతే నలుగురిలో నిందించకుండా, ఆ పని ఇంకొకరికి మార్చండి.

ఈ హాలు గుమ్మం పక్కన బల్ల మీద ఒక రిజిస్టరు పెట్టమని గ్రంథాలయాధికారి గారిని కోరాను, వారు దయతో ఒప్పుకున్నారు. వెళ్లేటప్పుడు అందులో మీ ఊరి పేరు, మొదటగా చేపట్టదలచిన పని, మీ వెంట ఉండే ఒక పెద్దవారు మీకు ఏమవుతారో రాయండి, మీ పేర్లు రాయనవసరం లేదు. సంక్రాంతి సెలవుల తరువాత వచ్చే మొదటి ఆదివారం ఉదయం ఇదే హాలులో మళ్లీ కూర్చుందాం. ఆ రోజు వేదిక మీద పెద్దలు ఉండరు. మీ నోటుపుస్తకాలు తీసుకురండి, మీరు మాట్లాడండి, మేము ముందు వరుసల్లో కూర్చుని రాసుకుంటాం.